క్యాన్సర్ పరిహారం క్లెయిము వేసే ముందు: కాలిఫోర్నియా అగ్నిమాపక సిబ్బందికి జాగ్రత్తలు

• జబ్బుకు ఉద్యోగమే కారణమని మీరు నిరూపించనక్కర్లేదు. కార్మిక చట్టం సెక్షన్ 3212.1 ఉద్యోగమే కారణమని ముందే భావిస్తుంది, కాదని చూపాల్సింది యాజమాన్యమే. అయితే క్యాన్సర్ కారక పదార్థం విధుల్లో మీకు సోకిందని మాత్రం చూపాలి. అందుకే ఏ తేదీన, ఎక్కడ, ఏం కాలింది, మాస్కు ఎప్పుడు తీశారు అన్నీ రాసి పెట్టుకోండి. కాలర్ దగ్గర మసి పేరుకున్న కోటు ఫొటో ఉంటే దాచండి.

• డీడబ్ల్యూసీ-1 (పరిహారం క్లెయిము ఫారం) యాజమాన్యానికి ఇచ్చాక నకలు తీసుకోకుండా రావద్దు. క్లెయిముపై నిర్ణయం వెలువడేదాకా 10,000 డాలర్ల వరకు చికిత్స ఖర్చు యాజమాన్యానిదే.

• రిటైరయ్యారా? చివరి పనిదినం నుంచి, సర్వీసులో ప్రతి పూర్తి ఏడాదికి 3 నెలల చొప్పున, గరిష్ఠంగా 120 నెలలు, ఉద్యోగమే కారణమని భావించే ఈ రక్షణ ఉంటుంది. దయచేసి ఈ లెక్క ఈ రోజే వేసుకోండి.

• తిరస్కరణ లేఖ వస్తే కుంగిపోకండి, వెంటనే న్యాయవాదికి చూపండి.