వార్డు పాఠాలు 5: హెచ్‌ఐవీ, షుగర్, టీబీ... ఒకే సంచిలో మందులు

పోయిన పాఠంలో హెచ్‌ఐవీ ఉన్న పేషెంట్‌కి టీఎల్‌డీ మాత్ర (టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిపిన ఒకే మాత్ర) గురించి ఎలా చెప్పాలో చూశాం. రోజుకొక మాత్ర, ఒకే టైమ్, పెద్ద తలనొప్పేమీ లేదు. కానీ వార్డుకి ఒక్క జబ్బుతో వచ్చేవాళ్లు ఎంతమంది చెప్పండి? అందుకని ఈసారి కొంచెం చిక్కుముడి కేసు పెట్టుకుందాం. డాక్టర్‌గారు చీటీ రాసి రౌండ్స్‌కి వెళ్లిపోతారు, ఆ చీటీ పేషెంట్ రోజులో ఎక్కడెక్కడ పడుతుందో కూర్చుని చెప్పాల్సింది నర్సులం మనమే.

పాఠం కోసం నేనే అల్లిన కేసు ఇది. 46 ఏళ్ల ఆవిడ, గుంటూరు దగ్గర ఊళ్లో బట్టలు కుడుతుంది. కొన్నేళ్లుగా రాత్రి 9కి టీఎల్‌డీ తప్పకుండా వేసుకుంటోంది, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) అదుపులో ఉంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఇప్పుడు దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు. కళ్లె పరీక్షలో టీబీ వచ్చింది. ఆమె బరువు 48 కిలోలు కాబట్టి టీబీ మాత్రలు రోజుకి మూడు, ఆరు నెలలు.

మొదటి పని, ఆమె సంచి మంచం మీద బోర్లించడం. నిజంగానే బోర్లించండి. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అని అడిగితే "లేదు సిస్టర్" అనే వస్తుంది, ఎందుకంటే మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో కొనుక్కున్న కాల్షియం బిళ్లలు, గ్యాస్ పట్టినప్పుడు తాగే సిరప్, ఎవరో ఇచ్చిన చూర్ణం, ఇవేవీ మన జనం లెక్కలో మందులు కావు. అందుకే విడివిడిగా అడగాలి. నొప్పులకేం వాడతారు? గ్యాస్‌కి? బలానికి? ఆకు పసరు ఏమైనా? ఈ నాలుగు ప్రశ్నలకే చాలాసార్లు అసలు సంగతి బయటపడుతుంది. మన ఆవిడ సంచిలోనూ కాల్షియం డబ్బా, గ్యాస్ సిరప్ సీసా దొరికాయనుకోండి.

ఇక అసలు విషయం. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ వల్ల లివర్ మిగతా మందుల్ని మామూలుకంటే తొందరగా కరిగించేస్తుంది. టీఎల్‌డీలో చివరి మందు డోలుటెగ్రావిర్ దీనికి బాగా దెబ్బతింటుంది, రక్తంలో చాలినంత నిలవదు. అందుకని టీబీ మందులు నడిచినన్నాళ్లూ 12 గంటల తేడాతో డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాముల మాత్ర ఇంకొకటి ఇస్తారు. ఆమెకి ఇదంతా అక్కర్లేదు. "టీబీ మందు పడ్డాక మీ పాత మాత్ర ఒంట్లో తొందరగా ఖర్చయిపోతుందమ్మా, అందుకే పొద్దున ఇంకోటి" అంటే చాలు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. "రోజుకి రెండుసార్లు" అన్న మాట విని టీఎల్‌డీనే పొద్దునా రాత్రీ వేసుకునేవాళ్లు ఉంటారు. పొద్దున వేసుకోవాల్సింది విడి డోలుటెగ్రావిర్, రాత్రి టీఎల్‌డీ. రెండు మాత్రలూ ఆమె అరచేతిలో పెట్టి తేడా చూపించండి, చదువు రాకపోతే డబ్బాల మీద సూర్యుడు, చంద్రుడు గీయండి. ఇంకో మాట, టీబీ కోర్సు అయిపోయిన రోజే ఈ విడి మాత్ర ఆపకూడదు, మరో రెండు వారాలు వేసుకోవాలి. రిఫాంపిసిన్ ప్రభావం అంత తొందరగా వదలదు. ఆ తేదీ కార్డు మీద ముందే రాసి ఇవ్వండి, ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

కాల్షియం సంగతి చూద్దాం. కాల్షియం, ఐరన్, గ్యాస్ సిరప్‌లో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం ఇవన్నీ డోలుటెగ్రావిర్‌ని కడుపులోనే పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. కాబట్టి డోలుటెగ్రావిర్ వీటికంటే 2 గంటలు ముందైనా పడాలి, లేదా 6 గంటల తర్వాతైనా. ఇప్పుడు కాగితం తీసుకోండి. పొద్దున 9కి డోలుటెగ్రావిర్ పడింది, అంటే 11 దాటాకే కాల్షియం. రాత్రి 9కి టీఎల్‌డీ ఉంది, దానికి 6 గంటల ముందు అంటే మధ్యాహ్నం 3 లోపే. మిగిలింది 11 నుంచి 3 వరకు. ఆవిడ భోజనం ఒంటిగంటకి, సరిగ్గా సరిపోయింది. గ్యాస్ సిరప్‌కీ అదే టైమ్. రాత్రి పడుకునేముందు రెండు మూతలు తాగే అలవాటు ఉంటే మాత్రం మాన్పించాలి, మాన్పించేముందు ఆ మంట ఎందుకొస్తోందో డాక్టర్‌కి చెప్పాలి.

ఆమె రోజు ఇలా కుదిరింది: పొద్దున్నే పరగడుపున టీబీ మాత్రలు మూడూ ఒక్కసారే, వాటితో విటమిన్ బీ6 మాత్ర. టిఫిన్‌తో మెట్‌ఫార్మిన్. 9కి విడి మాత్ర. మధ్యాహ్నం అన్నంతో కాల్షియం. రాత్రి అన్నంతో మెట్‌ఫార్మిన్, 9కి టీఎల్‌డీ. పరగడుపున వాంతి వస్తుంటే టీబీ మాత్రలు కొంచెం తిని వేసుకోనివ్వండి, మానేయడం కంటే అది నయం.

షుగర్ గురించి ఒక్క హెచ్చరిక. డోలుటెగ్రావిర్ వాడేవాళ్లకి మెట్‌ఫార్మిన్ రక్తంలో పెరుగుతుంది, అందుకే రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు. మన ఆవిడ ఇప్పటికే ఆ గీత మీద ఉంది. టీబీ వస్తే షుగర్ పెరగడం మామూలే, ఊళ్లో డాక్టర్ చూసి మెట్‌ఫార్మిన్ పెంచేస్తారు. "షుగర్ మాత్ర ఎవరు మార్చినా, వేసుకునేముందు మీ పాత మాత్ర ఇచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో ఒక మాట అడగండి" అని చెప్పి పంపండి.

టీబీ మందులతో మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తే కంగారు పడొద్దని మొదటి రోజే చెప్పాలి, లేకపోతే రక్తం పోతోందని మందులు ఆపేస్తారు. కళ్లు పచ్చబడ్డా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా మాత్రం ఆరోజే రావాలి. కాళ్ల తిమ్మిర్లు మందులు మొదలుపెట్టకముందే ఉన్నాయేమో అడిగి రాసుకోండి. షుగర్ వల్లా వస్తాయి, టీబీ మందుల్లో ఉండే ఐసోనియాజిడ్ వల్లా వస్తాయి, ముందు రాసుకోకపోతే తర్వాత తేల్చలేరు.

ఇక "అర్థమైందా అమ్మా?" అని అడగొద్దు. "ఆఁ అర్థమైంది" అనే అంటారు, అది మన మీద గౌరవం, అంతే. ఇలా అడగండి: "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలమ్మా, రేపు లేచిన దగ్గర్నుంచి ఏమేం వేసుకుంటారో చెప్పండి."

"లేవగానే టీబీవి మూడు, చిన్న మాత్ర... టిఫిన్‌కి షుగర్‌ది... తొమ్మిదింటికి సూర్యుడి డబ్బాది."

"ఒకరోజు మర్చిపోయి పదకొండింటికి గుర్తొచ్చిందనుకోండి?"

"రాత్రి రెండూ కలిపి వేసుకుంటా సిస్టర్."

దొరికింది కదా! ఇది ఇప్పుడు బయటపడటమే మంచిది. గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, తర్వాతి డోస్ దగ్గర పడిపోతే వదిలేయాలి, కలిపి మాత్రం వేసుకోకూడదు. సరిచేసి మళ్లీ చెప్పించండి.

ఇదంతా పక్క మంచం వాళ్లకి వినపడేలా మాట్లాడకండి. "మీ అమ్మాయిని పిలవండి, తనకి చెప్తా" అనడం మనకి అలవాటు, కానీ అమ్మాయికి టీబీ సంగతే తెలిసి ఉండొచ్చు, హెచ్‌ఐవీ తెలియకపోవచ్చు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది, దాని ప్రకారం ఆమె ఒప్పుకోకుండా ఇంకొకరికి చెప్పే హక్కు మనకి లేదు. మంచానికి ఎర్ర స్టిక్కర్లు, విడి ప్లేటు లాంటి వేషాలూ వద్దు. మాస్కు, గాలి వెలుతురు కావాల్సింది ఆమె టీబీ కోసం. రక్తం ముట్టుకోవాల్సి వస్తే గ్లోవ్స్ ఏ పేషెంట్ దగ్గరైనా వేసుకోవాల్సినవే.

వెళ్లేముందు బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చిందో లేదో చూడండి, టీబీ పేషెంట్లకి నెలకి 1000 రూపాయలు పోషకాహారానికి వస్తాయి, 2024 నవంబర్ ముందు అది 500.

ఇంటిపని: మీ వార్డులో ఐరన్ మాత్రలు వాడుతున్న ఒక పేషెంట్‌ని ఎంచుకోండి. ఆమె టీఎల్‌డీ రాత్రి 10కి వేసుకుంటుంది, టీబీ లేదు అనుకోండి. ఐరన్ ఏ టైమ్‌కి పెడతారో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి. తర్వాతి పాఠంలో అది సరిచూసుకుని, సూది గుచ్చుకుంటే మొదటి రెండు గంటల్లో ఏం చేయాలో మొదలుపెడదాం.