చెరకు నరికే కాలంలో కోళ్లు నక్క పాలు కాకుండా

చెరకు తోటలున్న ఊళ్లలో డిసెంబరు నుంచి మార్చి దాకా పెరటి కోళ్లకు గండకాలం. అన్నాళ్లూ తోటలో నీడా, ఎలుకలూ, పందికొక్కులూ దొరికి హాయిగా తిరిగిన నక్కలు, నరుకుడు మొదలవగానే ఉన్నపళంగా బయటపడతాయి. దాక్కోడానికి సర్కారు తుమ్మ పొదలు, తిండికి ఊరి చివరి పెరళ్లు వెతుక్కుంటాయి. ఆ వెనకే వేసవి. పిల్లల్ని సాకే నక్క పొద్దుపోయేదాకా ఆగదు, సందె వెలుగులోనే వచ్చేస్తుంది. అందుకే గూడు బాగుచేసే పని మీ పక్క తోటలో కత్తి పడకముందే అయిపోవాలి.

ఈమధ్య ఒకటో రెండో కోళ్లు పోయి ఉంటే, ముందు దొంగ ఎవరో తేల్చుకోండి. కోడి జాడ లేక, కంచె దాకా ఈకలు మాత్రం రాలి ఉంటే నక్కో అడవి పిల్లో అయి ఉంటుంది. నాలుగైదు చచ్చి అక్కడే పడి ఉంటే చాలాసార్లు అది వీధికుక్కల పని. పట్టపగలు మెడ దగ్గర కొరికి వదిలేస్తే ముంగిసను అనుమానించాలి. గుడ్లూ పిల్లలూ చప్పుడు లేకుండా మాయమైతే పాము. ఊళ్లో ఏ కోడి పోయినా నక్క మీదకే నెట్టేస్తారు గానీ, పాపం అన్నీ దాని ఖాతావి కావు.

ఇక గూడు. ఆరు పలకల కళ్లుండే సన్నతీగ జాలీ చౌకగా దొరుకుతుందని అందరూ అదే కొంటారు. అది కోడిని లోపల ఉంచడానికి పనికొస్తుంది, నక్కను ఆపడానికి కాదు. పళ్లతో పట్టి గుంజితే ఊడొస్తుంది. తుప్పు పడితే ఆ కష్టమూ అక్కర్లేదు. వెల్డ్ మెష్, అంటే అడ్డం నిలువు తీగల్ని కలిసేచోటల్లా వెల్డింగ్‌తో అతికిన గట్టి జాలీ, వేయించండి. అర అంగుళం కంతలదైతే ముంగిస కూడా దూరలేదు. గూడంతా దానితో చుట్టే స్తోమత లేకపోతే కింది మూడడుగులకైనా అది వేసి, పైన పాత జాలీ ఉంచుకోండి. పైకప్పు మాత్రం తెరిచి వదలొద్దు, అడవి పిల్లి గోడెక్కి దిగుతుంది.

నక్క తవ్వేది గోడ మొదట్లో. దానికోసం లోతుగా గుంతలు తీసి నడుము విరగ్గొట్టుకోనక్కర్లేదు. గోడ అడుగు నుంచి బయటివైపు ఒకటిన్నర అడుగు వెడల్పున నేల మీదే జాలీ పరిచి, గోడ జాలీకి కట్టుతీగతో బిగించి, పైన రాళ్లు పేర్చి మట్టి కప్పండి. నక్క గోడను ఆనుకునే తవ్వడం మొదలుపెడుతుంది. గోళ్లకు తీగ తగిలితే వెనక్కి జరిగి, దూరం నుంచి తవ్వుకు రావాలని దానికి తోచదు.

అరుగు కింది గూళ్లున్నవాళ్లు చెక్క తలుపు అడుగు భాగం వంగి చూడండి. రెట్ట తడికీ చెదలకీ ముందు పుచ్చేది అక్కడే. వేలితో నొక్కితే పొడి రాలిందంటే నక్క మూతికి దారి దొరికినట్టే. రేకు ముక్క కొట్టించండి. కర్ర అడ్డం పెట్టడం, రాయి ఆనించడం సరిపోదు, గడియ ఉండాలి. అలాగని సందులన్నీ మూసేసి గాలాడకుండా చేయొద్దు. ఎండాకాలం ఉక్కకే కోళ్లు చచ్చిపోతాయి. కొత్తగా కట్టుకునేవాళ్లకైతే నేలకు మూడడుగుల ఎత్తున మంచె గూడు మేలు. రాత్రిపూట నిచ్చెన తీసెయ్యడం మరిచిపోకండి.

అన్నిటికన్నా ముప్పు పొదిగే పెట్టకే. 21 రోజులు దాదాపు కదలకుండా కూర్చుంటుంది. గడ్డివాము సందులోనో కట్టెల మోపు వెనకో పొదుగుకు కూర్చుంటే, అలికిడైనా గుడ్లు వదిలి లేవదు. ఎక్కడ కూర్చుందో వెతికి పట్టుకుని, చీకటి పడ్డాక గుడ్లతో సహా గూట్లోకి మార్చండి. పిల్లల తల్లిని గంప కింద మూసి పైన రాయి పెట్టడం పగలు కాసేపటికి సరే. రాత్రి ఆరుబయట గంపను నమ్ముకోవద్దు, నక్క కింద నుంచి తవ్వుతుంది.

చీకట్లో కోడికి కళ్లు ఆనవు. కాబట్టి పొద్దు వాలేసరికి నాలుగు నూకలు చల్లి లోపలికి పిలిచి, లెక్కపెట్టి మూసేయండి. వేపచెట్టెక్కి పడుకునే నాటు కోళ్లు నక్కకు అందవు గానీ, అడవి పిల్లికి చెట్టు లెక్కా?

గూటి చుట్టూ పొదలు కొట్టేయండి. కోడి పేగులు, చచ్చిన పిల్లలు పెరటి వెనక విసిరేస్తే నక్కను భోజనానికి పిలిచినట్టే. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. లైట్లు, డబ్బాల చప్పుళ్లు కొన్నాళ్లే పనిచేస్తాయి, తర్వాత నక్క అలవాటు పడిపోతుంది.

ఉచ్చులు, విషం పెట్టిన మాంసం, నాటు బాంబులు, కరెంటు తీగలు మాత్రం వద్దే వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నక్కకు రక్షణ ఇస్తోంది, కేసవుతుంది. కేసు సంగతి అటుంచి, ఆ కరెంటు తీగలకు పొలానికెళ్లే మనుషులే బలైన ఊళ్లున్నాయి.

ఒకసారి కోడి దొరికిన చోటికి నక్క మర్నాడు రాత్రో, ఆ తర్వాతో మళ్లీ వస్తుంది. సాయంత్రంలోపు అది దూరిన కంత వెతికి మూసేయండి. మనుషుల్ని చూసి బెదరకుండా పగలే మీదికొస్తున్న నక్కకు రేబిస్ ఉండొచ్చు. కర్రతో ఎదురెళ్లకుండా అటవీ శాఖకు కబురు చేయండి. కరిచినా, గోరు గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, పసుపూ సున్నమూ అద్దకుండా అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోండి.