నోట తూములున్న పిస్తోలు: కొనే ముందు పరీక్షించే పద్ధతి

మాది తాడేపల్లిగూడెం పక్కన మాధవరం. స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి "మిలిటరీ మాధవరం" అంటే చాలు, దారి చెప్పనక్కర్లేదు. ఇంటికొకరు సైన్యంలో పనిచేసిన ఊరు. నేనూ పనిచేశాను గాని, తుపాకి కాల్చడం కన్నా బాగుచేయడమే నా ఉద్యోగం. సైన్యంలో యంత్రాలు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌ని. నా బల్ల మీదికి వచ్చిన పిస్తోళ్లు ఎక్కువగా ఈశాపూర్ కర్మాగారంలో తయారైన 9 ఎంఎంలే. మ్యాగజైన్‌లో 13 రౌండ్లు, పైన ఇనుప సైట్లు, ముందు ఉత్త బ్యారెల్. అలంకారాలేమీ ఉండవు.

డాలస్ దగ్గర ఉంటున్న మా మేనల్లుడు ఒక రోజు ఫోను చేసి, "మావయ్యా, ఒక 10 ఎంఎం పిస్తోలు అమ్మకానికి ఉంది. ముందు కాంపెన్సేటర్, పైన ఎర్ర చుక్క సైటు. ఫొటోలు పంపుతాను, చూసి చెప్పు" అన్నాడు. కాంపెన్సేటర్ అంటే బ్యారెల్ మూతి దగ్గర ఉండే తూముల గుబ్బ. ఎర్ర చుక్క సైటు అంటే గురి చూడడానికి ఎర్ర చుక్క కనబడే చిన్న గాజు కిటికీ. గేదెను కూడా ఫొటో చూసి కొనరు, పాలు పితికి చూసి కొంటారు అన్నాను. ఆ తర్వాత రెండు నెలలకు మా అక్క, నేను అక్కడికి వెళ్లాం. అమ్మే మనిషి మంచివాడు. తూటాల ఖర్చు మనదైతే రేంజిలో ఎంతసేపైనా పరీక్షించుకోమన్నాడు. అప్పుడు చేసిన పరీక్షనే వరసగా రాస్తున్నాను.

ముందు చట్టం. మన దేశంలో 9 ఎంఎం పిస్తోలే నిషిద్ధ బోరు, అంటే మామూలు పౌరుడికి ఇవ్వని గొట్టం కొలత. మామూలు లైసెన్సుదారుకు దొరికేది చాలావరకు పాయింట్ 32. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. కాబట్టి ఈ వ్యాసం చదివి తాడేపల్లిగూడెంలో ఎవరూ బేరాలకు దిగవద్దు. అమెరికాలో ఉన్న మన పిల్లలు తెలుసుకోవలసింది వేరే ఉంది. హెచ్‌1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి గాని తూటా గాని దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చినా ఆ నిషేధంలోకే వస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు మాత్రం ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. మా వాడు అక్కడి పౌరుడు. నేను సందర్శకుణ్ని. అందుకని దోమలను తప్ప దేన్నీ వేటాడని నేను డబ్బు కట్టి టెక్సస్ వేట లైసెన్సు తీసుకున్నాకే ఆ పిస్తోలును చేత్తో ముట్టుకున్నాను. అంతవరకు చేతులు వెనక్కి కట్టుకుని చూశాను.

ఇప్పుడు కాంపెన్సేటర్ సంగతి. మొత్తం పరీక్షకు ఇదే కీలకం గనుక కొంచెం నిదానంగా చెబుతాను. గుండు బ్యారెల్ మూతి దాటగానే దాని వెనక మందు వాయువు తోసుకుని వస్తుంది. ఆ వాయువులో కొంత భాగాన్ని పై తూముల గుండా పైకి వదిలితే, దాని ఎదురుతోపు మూతిని కిందికి నొక్కుతుంది. దెబ్బకు పైకి లేవవలసిన మూతి తక్కువ లేస్తుంది. ఇంతవరకు అమ్మేవాళ్లందరూ చెబుతారు. వాళ్లు చెప్పనిది మా ఏలూరు కాలువను చూసినవాడికి ఇట్టే తెలుస్తుంది. విజ్జేశ్వరం దగ్గర నీళ్లు నిండుగా వదిలినప్పుడు పొలం తూము తెరిస్తే మడి నిండుతుంది. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు అదే తూము బార్లా తెరిచినా కప్ప కూడా తడవదు. తోపు అంతా వెనక ఉన్న మట్టానిది.

పిస్తోలులో ఆ మట్టం తూటా పీడనం. అమెరికా పరిశ్రమ ప్రమాణాల్లో 10 ఎంఎం ఆటోకు గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 37,500 పౌండ్లు. పాయింట్ 45 ఏసీపీకి 21,000 మాత్రమే. రెండూ పెద్ద బోరువే. 1911లో అమెరికా సైన్యం తీసుకున్న పిస్తోలు తూటా పాయింట్ 45. అది బరువైన గుండును నెమ్మదిగా తోస్తుంది. 1983లో వచ్చిన 10 ఎంఎం కొంచెం తేలికైన గుండును చాలా వేగంగా తోస్తుంది. అంచేత ఒకే కాంపెన్సేటర్ 10 ఎంఎం మీద చేసే పని 45 మీద చేయదు. 10 ఎంఎంలోనూ అభ్యాసానికని తక్కువ మందుతో నింపిన చవక తూటాలతో ఆ పని సగం కూడా కనబడకపోవచ్చు. మీరు రోజూ కాల్చబోయే తూటా ఏదో అదే తీసుకెళ్లి పరీక్షించండి. అమ్మే మనిషి జేబులోంచి తీసి ఇచ్చిన నాలుగు గట్టి తూటాలు కాల్చి "అబ్బ, ఎంత మెత్తగా ఉంది" అనుకుంటే మోసపోయినట్టే.

తూములకు ఇంకో ఖరీదు ఉంది. ఇలాంటి పిస్తోళ్లలో చాలావాటికి కాల్చినప్పుడు బ్యారెల్, పైన ముందుకూ వెనక్కీ జారే ఇనుప భాగమైన స్లైడుతో పాటు కాస్త వెనక్కి వచ్చి, వెనక కొస కిందికి వంగి, అప్పుడు విడిపోతుంది. ఆ బ్యారెల్ చివర ఇనుప గుబ్బ బిగిస్తే ఆ బరువునూ తూటాయే మోయాలి. తూటాలో సత్తువ చాలకపోతే స్లైడు పూర్తిగా వెనక్కి రాదు. ఖోకా, అంటే కాల్చాక మిగిలే తూటా గుల్ల, సగంలో ఇరుక్కుంటుంది. స్లైడులోనే తూములు కలిపి చేసిన నమూనాల్లో బ్యారెల్ మీద ఆ బరువు పడదు.

ఇక చేతిలోకి తీసుకుందాం. మ్యాగజైన్ తీయాలి, స్లైడు వెనక్కి లాగి ఆపాలి, తూటా కూర్చునే గదిలో, అంటే చాంబర్లో, కంటితో చూడాలి, వేలితో తడమాలి. పక్కవాడు చూశానన్నా మళ్లీ చూడాలి. సైన్యంలో దీన్ని ఎన్‌ఎస్‌పీ (నార్మల్ సేఫ్టీ ప్రికాషన్స్) అంటాం. అన్నం ముందు చేతులు కడుక్కోవడం ఎంతో ఇదీ అంతే.

పిస్తోలు విప్పి, బ్యారెల్‌ను బయటికి తీసి, అందుకు కాంపెన్సేటర్ విప్పవలసి వస్తే మళ్లీ దాని మీద బిగించి, వెలుతురుకేసి పట్టుకుని వెనకనుంచి చూడండి. బ్యారెల్ రంధ్రం, దాని అవతల కాంపెన్సేటర్ రంధ్రం ఒకదాని మధ్యలో ఒకటి గుండ్రంగా కనబడాలి. నెలవంకలా ఒక పక్కకు ఒరిగి కనబడితే ఆ పిస్తోలును అక్కడే పెట్టేయండి. లోపలి అంచుల మీద రాగి రంగు గీత కనబడినా అంతే. గుండు ఒరుసుకుని పోయిందన్నమాట. నల్లటి మసి మాత్రం తప్పు కాదు, కాల్చినదానికి గుర్తు. తర్వాత కాంపెన్సేటర్‌ను వేళ్లతో మెలిపెట్టి చూడండి, వెంట్రుకవాసి కూడా కదలకూడదు.

స్ప్రింగు, మీట, మ్యాగజైన్ పరీక్షలు ఏ పిస్తోలుకైనా ఒకటే. ఒక్కటి మాత్రం మరవద్దు. మ్యాగజైన్ పూర్తిగా నింపి, స్లైడు మూసి ఉండగా లోపలికి తోసి చూడాలి. ఇంటి దగ్గర కాదు, రేంజిలో, మూతి లక్ష్యం వైపు ఉంచి. కొన్ని నిండుగా ఉన్నప్పుడు కొక్కెం పడక జారిపోతాయి.

ఎర్ర చుక్క సైటు దగ్గర నేను ఎక్కువసేపు కూర్చున్నాను. "ఆప్టిక్స్ రెడీ" అంటే స్లైడు పైన ఒక పల్లం కోసి, సైటు బిగించడానికి వీలు చేశారని అర్థం. కాని సైట్ల అడుగుభాగాలన్నీ ఒకటి కావు. ట్రిజికాన్ ఆర్‌ఎంఆర్ కొలత వేరు, లూపోల్డ్ డెల్టాపాయింట్ ప్రో కొలత వేరు. అందుకని మధ్యలో ఒక పలక వేస్తారు. మీకున్న సైటుకు సరిపోయే పలక పిస్తోలుతో వస్తుందా, విడిగా కొనాలా అన్నది ముందే అడగండి. కాల్చిన ప్రతిసారీ స్లైడు ఆ సైటును వెనక్కి ఈడ్చి, మళ్లీ ముందుకు విసురుతుంది. ఆ ఈడ్పును పలక మీది బొడిపెలు ఆపాలి. స్క్రూలు కిందికి నొక్కి పట్టడానికే. బొడిపెలు వదులుగా కూర్చుంటే భారమంతా స్క్రూల మీద పడి, ఎప్పుడో ఒకప్పుడు తల తెగుతుంది. సైటును చేత్తో పట్టుకుని ముందుకు వెనక్కి ఊపండి. బిగించే బలం తయారీదారు పుస్తకంలో రాసి ఉంటుంది, ఆ లెక్క చూపే రెంచితోనే బిగించాలి. తర్వాత స్క్రూ తల నుంచి సైటు మీదికి తెల్ల రంగుతో సన్నని గీత గీయండి. గీత విరిగితే స్క్రూ తిరిగిందని అర్థం.

చుక్క సైజును మినిట్లలో చెబుతారు, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణాల్లో. 25 మీటర్ల దూరంలో ఒక మినిట్ అంటే సుమారు 7 మిల్లీమీటర్లు. 3 మినిట్ల చుక్క అక్కడ కొత్త రూపాయి నాణెమంత చోటు కప్పుతుంది, 6 మినిట్లది పెద్ద నిమ్మకాయంత. నా వయసు కళ్లకు నిమ్మకాయే హాయి. మా వాడికి రూపాయి నచ్చింది.

రేంజికి మూడు రకాల తూటాలు తీసుకెళ్లాం. చవక అభ్యాస తూటాలు 100, పూర్తి బలమున్నవి 50, మరో కంపెనీవి 50. నలుపు లక్ష్యాలు, ఒక నోటు పుస్తకం, పెన్ను. లోపలి రేంజి గనుక చెవుల్లో స్పాంజి బిళ్లలు, వాటి మీద చెవి డిప్పలు, రెండూ పెట్టుకున్నాం. కాంపెన్సేటర్ శబ్దాన్ని పైకీ పక్కలకూ చిమ్ముతుంది. పక్క వరసలో నిలబడినవాడు మనకేసి కోపంగా చూడడం ఖాయం. కళ్లద్దాలు తప్పనిసరి. ఇలాంటి పిస్తోలును ఛాతీకి దగ్గరగా పట్టుకుని ఎన్నడూ కాల్చవద్దు, తూముల్లోంచి వచ్చే వేడి వాయువు, మసి నేరుగా ముఖానికే వస్తాయి.

మొదటి మ్యాగజైన్‌లోనే రెండు ఖోకాలు ఇరుక్కున్నాయి. అమ్మే మనిషి వెంటనే, "అభ్యాస తూటాలు కదా, కాంపెన్సేటర్‌కు చాలవు" అన్నాడు. నేను పైన చెప్పిన సూత్రమే అది, వినడానికి బాగుంది. కాని పూర్తి బలం తూటాలతోనూ పదింటిలో ఒకటి ఇరుక్కుంది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. బలహీనమైన తూటాతోనే ఆగితే స్ప్రింగునో కాంపెన్సేటర్ బరువునో అనుమానించాలి. అన్నిటితోనూ ఆగితే దోషం ఇంకెక్కడో ఉంది. పిస్తోలు ఖాళీ చేసి, ఖోకాను పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం మీద వేలు పెట్టి నొక్కాను. బిగుసుకుపోయి ఉంది. అనుమానం వచ్చి సైటు విప్పాం. ఎవరో బిగించిన స్క్రూల్లో ఒకటి పొడుగుది. దాని కొస స్లైడు లోపలికి దిగి ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగు గది మీద ఒత్తుతోంది. సరైన పొడుగు స్క్రూ వేయగానే కొక్కెం ఆడింది. ఇన్నాళ్లూ నింద కాంపెన్సేటర్ మోసింది.

ఆ తర్వాత కాల్చినవాటిలో ఒక్కటీ ఆగలేదు. ఖోకాలు ఎక్కడ పడుతున్నాయో చూడండి. కుడి వెనకగా నాలుగైదు అడుగుల్లో ఒకే చోట కుప్పపడితే మంచిది. కాళ్ల దగ్గరే సోలి పడుతుంటే స్లైడుకు సత్తువ చాలడం లేదు. గోడకు వెళ్లి కొడుతుంటే స్ప్రింగు మెత్తబడి ఉండవచ్చు. ఒంటిచేత్తో, ఎడమచేత్తో, పట్టు కాస్త వదులు చేసి కూడా ఒక్కో మ్యాగజైన్ కాల్చించాను. రెండు చేతులా గట్టిగా పట్టుకున్నప్పుడు బాగా నడవడం గొప్పేమీ కాదు.

కాంపెన్సేటర్ పనితనానికి సాక్షి ఆ ఎర్ర చుక్కే. కాల్చినప్పుడు చుక్క పైకి లేచి మళ్లీ కిందికి వస్తుంది. అది గాజు కిటికీ లోపలే ఉండి, లేచిన దారినే దిగి, లక్ష్యం మీదే ఆగితే తూములు పనిచేస్తున్నాయి. కిటికీ దాటి మాయమైతే ఆ తూటాకు చాలడం లేదు. లక్ష్యం కన్నా కిందికి దిగి మళ్లీ లేస్తుంటే స్ప్రింగు మరీ గట్టిది, స్లైడు మూతిని ముందుకు గుద్దుతోంది. కాల్చేవాడికి ఇది మొదట్లో కనబడదు, కన్ను మూసుకుంటాడు. మా వాడికి ముప్పై రౌండ్లు పట్టింది. నేను పక్కన, కాల్చే గీతకు వెనక నిలబడి ఫోనులో నెమ్మది వీడియో తీశాను. పూర్తి బలం తూటాకూ అభ్యాస తూటాకూ మూతి లేచే ఎత్తులో తేడా దాదాపు లేదు! ఒకదాని దెబ్బ ఎక్కువ, తూముల పనీ ఎక్కువ. రెండోదాని దెబ్బ తక్కువ, తూముల పనీ తక్కువ. వారానికి వంద చవక తూటాలు కాల్చేవాడికి ఈ ఇనుప గుబ్బ వల్ల ఒరిగేది కొద్దిగానే అని అక్కడే చెప్పాను. మా వాడికి నచ్చలేదు.

చివరగా, సైటు బిగించాక 25 గజాల దగ్గర ఆనుడు మీద పెట్టి కాల్చిన అయిదు గుండ్ల గుంపును, తెచ్చిన తూటాల్లో చివరి అయిదింటితో మళ్లీ కాల్చి పోల్చాలి. గుంపు మధ్యభాగం జరిగితే సైటో పలకో కదిలినట్టే. మాది జరగలేదు, తెల్ల గీతా విరగలేదు. గాజు మాత్రం మసిబారింది. దాన్ని చొక్కా అంచుతో తుడవవద్దు. తడి చేసిన మెత్తని గుడ్డతో అద్దాలి. తూముల్లో మసి రాయిలా గట్టిపడకముందే తీయాలి. పూత లేని సీసం గుండ్లు వాడితే తూముల్లో సీసం పేరుకుంటుంది, వాటి జోలికి పోవద్దని చెప్పాను. బ్యారెల్‌కు పాత పద్ధతే, లోపలినుంచి లాగి తుడిచే పుల్‌త్రూ తాడు, చిందీ గుడ్డ.

మా వాడు కొన్నాడు. నేను నేల మీద ఖోకాలు ఏరి లెక్కపెట్టాను. 199 వచ్చాయి. ఇక్కడ ఎవరికీ అప్పజెప్పనక్కర్లేదు మావయ్యా అన్నాడు గాని, ఇరవై ఏళ్లు ఒక్కో ఖోకా లెక్క చెప్పి సంతకం పెట్టినవాణ్ని, ఎలా వదులుతాను? బల్లల కింద, ఇసుక బస్తాల సందుల్లో వెతికాం. ఇంటికి వెళ్లి అన్నానికి కూర్చున్నాక మా అక్క వాడి చొక్కా వెనక కాలరు సవరించబోతే టంగుమని పళ్లెంలో పడింది.