సముద్రపు గాలిలో తుపాకీకి ఏ నూనె?

మిలటరీ నుంచి వచ్చి బ్యాంకుల దగ్గర గార్డులుగా చేరిన తమ్ముళ్లు నన్ను తరచూ అడిగే మాట, "అన్నా, గన్నుకి ఏ ఆయిల్ కొనమంటావ్?" నా సర్వీసంతా ఆయుధాల మరమ్మతులోనే గడిచింది. ఇప్పుడు ఉండేది భీమిలిలో. రాజస్థాన్ ఎడారిలో అయితే ఇసుక అంటుకోకుండా నూనె బాగా తగ్గించమనేవాణ్ణి. ఇక్కడ మన శత్రువు ఉప్పుగాలి. సీసా మీద పేరు చూసేముందు ఆ నూనెతో ఏ పని చేయించుకోవాలో తేల్చుకోండి.

కాల్చాక గొట్టంలో మిగిలే మసి, సీసం వదిలించాలి. కదిలే భాగాలు అరగకుండా జారాలి. తుప్పు పట్టకూడదు. మసిని కరిగించే ద్రవం పల్చగా ఉండి సందుల్లోకి చొచ్చుకుపోవాలి, తుప్పును ఆపే నూనె ఇనుముని పట్టుకుని నిలవాలి. ఈ రెండు గుణాలూ ఒక్క సీసాలో సమానంగా కుదరడం కష్టం. అన్నిటికీ కలిపి చేసే రకాన్ని సీఎల్‌పీ అంటారు. దాని మీద ఎంఐఎల్-పీఆర్ఎఫ్-63460 అని ఉంటే అది అమెరికా సైన్యం పెట్టిన ప్రమాణం. ఎప్పుడో గానీ పేలని గార్డుల ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెల్‌కి, అంటే రెండు నున్నటి గొట్టాల తుపాకీకి, అది చాలు. అడుగున తెల్లటి పొడి పేరుకునే రకమైతే వాడేముందు బాగా కుదపండి.

ఫైరింగ్ రేంజిలో ఎక్కువ కాల్చేవాళ్లకి విడిగా సాల్వెంట్, అంటే మసిని కరిగించే ద్రవం, ఉండాలి. హాప్పీస్ నంబర్ 9 1903 నుంచి ఉన్న సరుకు. అది శుభ్రం చేయడానికే, తుడిచేశాక నూనె మళ్లీ పట్టించాల్సిందే. రైఫిల్ గుళ్లు గొట్టంలో వదిలే రాగిని కరిగించే అమ్మోనియా సాల్వెంట్లు రైఫిల్ వాళ్లకి. తూటాలోని ప్లాస్టిక్ రాసుకుపోయి మన నున్నటి గొట్టంలో చారలు కడుతుంది. వాటిని కంచు బ్రష్షూ ఓపికా వదిలిస్తాయి, అమ్మోనియా కాదు. పైగా నికెల్ పూత ఉన్న తుపాకీకి అది చేటు.

చెక్క బట్ ఉన్న పాత తుపాకీ అయితే నా ఓటు బాలిస్టాల్‌కి. 1904లో జర్మనీలో వచ్చిన ఈ నూనెని ఇనుముకీ చెక్కకీ తోలుకీ కూడా వాడొచ్చు. నీళ్లలో కలిపితే పాలలా తెల్లబడుతుంది. డబ్ల్యూడీ-40 సంగతి వేరు. 1953లో దాన్ని తయారుచేసిందే నీటిని తోసేయడానికి. డ్యూటీలో వానకి తడిస్తే ముందు అది కొట్టి, ఆరబెట్టి, తుడిచి, ఆ పైన అసలు నూనె రాయండి. అది ఒక్కటే రాసి నెలల తరబడి బీరువాలో పెట్టొద్దు.

వంటింటి నూనెలు వద్దు. నువ్వులనూనె గాలికి చిక్కబడి జిగురవుతుంది, కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది. లోపల తూటా అడుగుని కొట్టే ఫైరింగ్ పిన్ను బద్ధకంగా కదిలి తూటా పేలకపోవచ్చు. అవిసె నూనె చెక్కకి మంచిదే, ఇనుముకి కాదు. అది రాసిన గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు, విప్పి ఆరేయండి. కుట్టుమిషను నూనె కదిలే భాగాలకి పనికొస్తుంది, కానీ మన తీరంలో ఎక్కువ రోజులు కాపాడదు. వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో ఆమ్లాలూ ఇనుపరజనూ ఉంటాయి, దాన్ని దగ్గరికే రానివ్వకండి. కిరసనాయిలుతో మురికి పోతుంది, దాంతోపాటు కాపాడే పొరా పోతుంది.

రెండు నూనెల మధ్య తేల్చుకోలేకపోతే నేను చేసే పరీక్ష చేయండి. రంపం బ్లేడు ముక్కలు తీసుకుని, గరుకు కాగితంతో రంగు పోగొట్టి, సబ్బుతో కడిగి ఆరబెట్టండి. ఒక్కోదానికి ఒక్కో నూనె రాయండి, ఒకదాన్ని ఉత్తగా వదిలేయండి. సముద్రం వైపు కిటికీకి వేలాడదీసి రోజూ చూడండి. ఉత్త ముక్క మీద ముందుగా మీ వేలిముద్రలే ఎర్రగా తేలతాయి. తుపాకీ తుడిచాక గొట్టాన్ని ఉత్త చేత్తో పట్టుకోవద్దనేది అందుకే.

ఇక పద్ధతి. ముందు తుపాకీ తెరిచి రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూసి, వేలు పెట్టి చూడండి. తూటాలు వేరే గదిలో ఉండాలి. కిటికీ తీసి ఉంచండి, దగ్గర్లో నిప్పు వద్దు. సాల్వెంట్ పెట్టి కాసేపు ఆగి, బ్రష్ తోసి, పుల్‌త్రూకి (గొట్టంలోంచి లాగే తాడుకి) తెల్లటి చిందీ, అంటే గుడ్డపీలిక, కట్టి లాగండి. చిందీ తెల్లగా వచ్చేదాకా లాగాక, ఇంకో చిందీకి రెండు చుక్కల నూనె పోసి లాగితే చాలు. కారేంత పోస్తే అది చెక్కలోకి దిగి మెత్తబరుస్తుంది, తూటా అడుగున నిప్పు రాజేసే ప్రైమర్‌లోకి దిగితే తూటా చచ్చిపోతుంది. గొట్టాలు మడిచే కీలు దగ్గర మాత్రం నూనె కన్నా కొద్దిగా గ్రీజు మేలు.

సర్వీసులో పాత .303 రైఫిల్ తూటాలు కాల్చినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, మరిగే నీళ్లు పోసి గొట్టం కడిగేవాళ్లం. ఆ ప్రైమర్ వదిలే ఉప్పు నీటికే కరుగుతుంది, ఎంత ఖరీదైన నూనె పోసినా కరగదు.

సొంత లైసెన్సు ఉన్నవాళ్లకి ఇంకో మాట. ఎన్నికలొస్తే ఆయుధాన్ని స్టేషన్లో జమ చేయమంటారు. 2024లో మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, లెక్కింపు జూన్ 4న. అంటే ఎండాకాలమంతా మీ చేతికి అందదు. అలాంటప్పుడు రోజువారీ నూనె కాకుండా, తుప్పు నివారణకే చేసిన చిక్కటి నూనె లోపలా బయటా పల్చగా పూయండి. తోలు కవరులో పెట్టొద్దు, తోలు తేమని పట్టి ఉంచుతుంది. నూనె గుడ్డలో చుట్టి బట్ట సంచిలో పెట్టి ఇవ్వండి. తిరిగి తెచ్చుకున్నాక తూటా పెట్టేముందు గొట్టంలోని ఆ చిక్కటి పూతని పొడి చిందీతో పూర్తిగా లాగేసి, వెలుతురుకి ఎత్తి ఒక కొస నుంచి మరో కొస దాకా చూడండి. గుడ్డముక్క చిక్కుకుపోయి ఉంటే గొట్టం పేలుతుంది.