ఏప్రిల్, మే నెలల్లో హిమాలయాలకా? ఎండ కాసే రోజే జాగ్రత్త

వేసవి సెలవులు రాగానే విజయనగరంలో సమతా ఎక్కి, ఢిల్లీ మీదుగా హరిద్వార్ చేరేవాళ్లు మనలో చాలామందే. స్వెట్టర్లు, మాత్రలు, జంతికల డబ్బా అన్నీ సర్దుకుంటారు. అక్కడ మంచు ఏ వేళకి జారుతుందో మాత్రం ఎవరూ అడగరు. మబ్బు పడితే భయం, ఎండ కాస్తే ధైర్యం మనకి అలవాటు. వానకి చరియలు విరగడం చూసినవాళ్లం కదా. అక్కడ ఈ నెలల్లో ఆకాశం నీలంగా మెరిసిపోతూ ఒళ్లు వెచ్చబడే మధ్యాహ్నమే మంచు కిందికొచ్చే వేళ.

రాత్రి చలికి పైమంచు పెంకులా బిగుసుకుంటుంది. పొద్దెక్కేకొద్దీ కరిగిన నీరు లోపలికి ఇంకి, మంచు రేణువుల మధ్య పట్టు వదిలిపోతుంది. తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, సాయంత్రానికి పడమర. 30 నుంచి 45 డిగ్రీల వాలున్న చోట జారుడు ఎక్కువ. మీరు నడిచే బాట చదునుగా ఉంది కదా అనుకోవద్దు, తలెత్తి పైన ఏముందో చూడండి. తడిమంచు పొడిమంచు కంటే నెమ్మదిగానే వస్తుంది గానీ బరువెక్కువ. ఆగిందంటే తడిసి గట్టిపడిన ఉప్పు బస్తాలా బిగుస్తుంది, చేతులతో తవ్వలేం.

అందుకే తెల్లవారుజామునే నడక మొదలుపెట్టి, మంచు వాలుల కింద నుంచి పదకొండులోపు బయటపడాలి. మనవాళ్లకి స్నానం, పూజ, టిఫిన్ అయితేగాని కాలు కదలదు. ఆ ఒక్క రోజుకి దేవుడు ఏమీ అనుకోడు! కేదార్‌నాథ్ దారిలో గుడి తెరిచిన కొత్తలో రాంబాడా దాటాక కొన్నిచోట్ల మంచుని కోసి బాట తీస్తారు. రెండు పక్కలా గోడల్లా నిలబడిన ఆ మంచు మధ్య ఆయాసం తీర్చుకోవడానికి కూర్చోవద్దు, ఫోటోల కోసం గోడెక్కొద్దు. 2023 మే మొదట్లో కుబేర్ గ్లేసియర్ దగ్గర మంచు విరిగిపడి బాట మూసుకుపోయింది. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిపోదామనే లెక్క నాకు నచ్చదు. దిగేటప్పటికి మంచు మెత్తబడి ఉంటుంది. రాత్రికి పైన ఉండి, తెల్లారి దిగడం మేలు.

రాత్రంతా మబ్బు పట్టి చలి తగ్గిందా, ఉదయానికి పైపెంకు గట్టిపడలేదా? ఆ రోజు పెందలాడే లేచినా లాభం లేదు, ఆగిపోండి. మంచు మీద వాన పడినా అంతే. వాలు మీద చిన్న చిన్న మంచు ఉండలు దొర్లుతున్నా, కాలు మోకాలి దాకా దిగబడుతున్నా వెనక్కి తిరగాలి. కింద వాగు చప్పుడు వినిపించే మంచు వంతెన మీద గుంపుగా అడుగు పెట్టకండి.

హద్దు బోర్డు దాటడం ఇంకో జబ్బు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా దారిలో పట్టపగలు మంచు విరిగిపడి ఏడుగురు పర్యాటకులు పోయారు. అనుమతి 13వ మైలు దాకే, వాళ్లున్నది 15వ మైలు దగ్గర.

ట్రెక్కింగ్‌కి వెళ్లే కుర్రాళ్లు ఏజెన్సీని సూటిగా అడగాలి: మనిషికో బీకన్ (మంచులో కూరుకుపోయినా ఎక్కడున్నారో సిగ్నల్ ఇచ్చే పరికరం), ప్రోబ్ కర్ర (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కర్ర), పార ఇస్తారా? చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ అనే రక్షణ పరిశోధన సంస్థ ఇచ్చే మంచు చరియల హెచ్చరిక చూశారా? నీళ్లు నమిలితే డబ్బు కట్టకండి. ఎవరైనా మంచులో కూరుకుపోతే చివరిసారి కనబడిన చోటు గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి దిగువకి వెతకాలి. మొదటి పది, పదిహేను నిమిషాలే ప్రాణం నిలిపేవి, కాబట్టి సాయం కోసం కిందికి పరిగెత్తేకంటే ఉన్నవాళ్లే తవ్వాలి. చిక్కుకున్నవాళ్లు మంచు ఆగేలోపు ముఖం ముందు చేతులు అడ్డం పెట్టుకుని గాలికి చోటు చేసుకోవాలి.

రోడ్డు పనులకి ఉత్తరాదికి వెళ్లే కూలీలకి ఇంకో మాట. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గర మాణాలో కంటైనర్లలో ఉంటున్న 54 మంది కార్మికుల మీద మంచు పడింది, ఎనిమిది మంది దక్కలేదు. అడ్వాన్సు తీసుకోకముందే మేస్త్రీని అడగండి, క్యాంపు ఎక్కడ వేస్తారని. పైన నిటారు మంచు వాలు ఉంటే పడక వేరేచోట చూపించమనండి.