పీహెచ్‌సీ అన్‌టైడ్ ఫండ్: వెనక్కి పోకుండా వాడుకోవడం ఎలా

జాతీయ ఆరోగ్య మిషన్ నిబంధనల ప్రకారం అన్‌టైడ్ ఫండ్ (ఫలానా పనికే వాడాలన్న కట్టడి లేని నిధి) కింద ఏడాదికి పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) 1.75 లక్షలు, సీహెచ్‌సీకి (సామాజిక ఆరోగ్య కేంద్రం) 5 లక్షల రూపాయల దాకా ఇవ్వొచ్చు. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ కూలీనాలీ చేసుకునేవాళ్లు కాన్పుకొచ్చే చోట కుళాయిలో నీళ్లు రావాలన్నా, లైటు వెలగాలన్నా పైనుంచి మంజూరు కోసం ఆగకుండా వాడుకోగలిగేది ఈ డబ్బే. ఫిబ్రవరిలో కదలడం మొదలుపెడితే ఇది మురిగిపోతుంది.

ఏప్రిల్‌లోనే స్టాఫ్ నర్సును వెంటబెట్టుకుని ఆస్పత్రంతా తిరిగి జాబితా రాయండి. లేబర్ రూమ్‌తో మొదలుపెట్టండి. మోచేత్తో తిప్పే కుళాయి పనిచేస్తోందా? కరెంటు పోతే ఇన్వర్టర్ ఎంతసేపు పనిచేస్తోంది? టేబుల్ చుట్టూ తెర ఉందా? ఆటోక్లేవ్ (పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే మిషన్) ప్లగ్ తప్పకుండా చూడండి. 2 కిలోవాట్ల ఆటోక్లేవ్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్‌కో ఎక్స్‌టెన్షన్ బాక్సుకో తగిలిస్తే పిన్నులు నల్లబడి, ప్లాస్టిక్ కరిగి ఆగిపోతుంది. మిషనే పాడైందనుకుని కొత్తది కావాలని పైకి ఇండెంట్ పెడతారు. నిజానికి కావాల్సింది 16 ఆంపియర్ల సాకెట్, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్), 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సరైన ఎర్తింగ్. ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని.

జీతాలు, వాహనం కొనడం, పంచాయతీ ఖర్చులు ఇందులోంచి పెట్టకూడదు. టీకాలు దాచే ప్రత్యేక ఫ్రిజ్ (ఐఎల్‌ఆర్) పాడైతే కోల్డ్ చైన్ టెక్నీషియన్‌కు చెప్పండి, ఊళ్లో ఫ్రిజ్ మెకానిక్‌తో విప్పించొద్దు.

జాబితాను ఆస్పత్రి అభివృద్ధి కమిటీ ముందు పెట్టి, ఏ పని, ఎంత అంచనా, ఎవరు చేయిస్తారు అన్నది తీర్మానంలో రాయించండి. సభ్యుల సంతకాలు ఆరోజే తీసుకోండి. తీర్మానం కంటే ముందు తేదీతో బిల్లుంటే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. కొటేషన్లు తప్పించుకోవడానికి ఒకే పనిని ముక్కలు చేసి బిల్లులు పెట్టినా అంతే. మూడు కొటేషన్లు మూడు షాపుల నుంచి రావాలి. ఒకే షాపతను మూడు లెటర్‌హెడ్‌లు తెచ్చిస్తే తీసుకోవద్దు.

2021లో ఎస్‌ఎన్‌ఏ (రాష్ట్రంలో ఒక పథకం డబ్బంతా ఒకే నోడల్ ఏజెన్సీ ఖాతాలో ఉంచే) పద్ధతి వచ్చాక డబ్బు పీహెచ్‌సీ ఖాతాలో నిల్వ ఉండదు, ఖర్చు పెట్టే లిమిట్ మాత్రమే కనిపిస్తుంది. అందుకే పని మొదలయ్యేలోపే షాపువాళ్ల వివరాలు ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్ పీఎఫ్‌ఎంఎస్‌లో ఎక్కించండి. బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు ఎలా ఉంటే అలాగే కొట్టాలి. ఈ పని మార్చి ఆఖరి వారానికి వదిలేస్తే, చిన్న తేడాతో చెల్లింపు తిరిగొచ్చినా సరిదిద్దుకునే వ్యవధి ఉండదు.

బిల్లు వెనక స్టాక్ రిజిస్టర్ పేజీ నంబరు వేయండి, పనికి ముందూ తర్వాతా ఫొటోలు జతచేయండి. యుటిలైజేషన్ సర్టిఫికెట్ (నిధులు దేనికి వాడారో చెప్పే పత్రం) రాసేటప్పుడు అంకెలు క్యాష్ బుక్‌తో రూపాయి తేడా లేకుండా సరిపోవాలి.

జనవరిలో మిగులు చూసుకుని, జాబితాలో తర్వాతి పనికి తీర్మానం చేయించండి. లిమిట్ అయిపోవాలని బ్లీచింగ్ పౌడర్ బస్తాలు మాత్రం కొనిపెట్టొద్దు. నిల్వలో క్లోరిన్ తగ్గిపోతూ ఉంటుంది, వేసవి దాటేసరికి ఆ పొడితో నేల కడిగినా ఫలితం ఉండదు.