సున్నం గోడ పని – 3వ పాఠం: కరక్కాయ నీళ్లు

పోయిన పాఠంలో రాతి సున్నాన్ని చల్లార్చి నీళ్ల కింద మాగబెట్టాం కదా. అది మాగుతుండగానే, పూత సున్నంలో కలిపే కరక్కాయ నీళ్ల పని మొదలుపెట్టండి, దీనికీ వారం పడుతుంది.

కిలో కరక్కాయలు, అరకిలో బెల్లం, పది లీటర్ల నీళ్లు. ఇది నా చేతి కొలత, మేస్త్రీని బట్టి మారుతుంది. కరక్కాయలు మూలికల కొట్లో దొరుకుతాయి. చితక్కొట్టి గింజలు పారేయండి, పెచ్చులే మనకు పని. బెల్లం నల్లదైనా ఫర్వాలేదు, చవక కూడా.

నానబెట్టేది కుండలోనో ప్లాస్టిక్ డ్రమ్ములోనో. ఇనుము మాత్రం వద్దు. మొదటిసారి నేను పాత ఇనప డ్రమ్ములో వేశాను. మూడో రోజు మూత తీస్తే లోపల సిరా! కరక్కాయ వగరులో ఉండే టానిన్ ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు పుట్టేది ఇలాగే. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి, కరక్కాయా పాలూ పట్టించిన గుడ్డ మీద ఆ నీళ్లతో గీస్తారు. వాళ్లకది విద్య, నాకు డ్రమ్మెడు సరుకు దండగ.

రోజూ కర్రతో కలపండి. పులిసి గ్యాస్ వస్తుంది కాబట్టి మూత బిగించొద్దు. వాసన సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పేయండి! వారం తర్వాత పల్చటి గుడ్డలో వడకట్టాలి. పిప్పి మిగిలితే గోడ మీద మరకలు పడతాయి.

బెల్లం ఎందుకంటే, సున్నం మామూలు నీళ్లలో లీటరుకు రెండు గ్రాములు కూడా కరగదు. తీపి నీళ్లలో చాలా ఎక్కువ కరుగుతుంది. అలాగని బెల్లం గుమ్మరిస్తే పూత త్వరగా ఆరదు. మిగిలిన నీళ్లు సిమెంటులో అస్సలు పోయకండి, తీపి తగిలిన సిమెంటు సరిగ్గా గట్టిపడదు.

ఇప్పుడు మీ పని. ఒక వంతు సున్నం ముద్ద, మూడు వంతుల జల్లించిన ఇసుక. దీన్ని రెండు భాగాలు చేసి ఒకదాన్ని మంచినీళ్లతో, రెండోదాన్ని కరక్కాయ నీళ్లతో కలపండి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. రెండు ఇటుకలను బాగా తడిపి, అర అంగుళం మందాన పూయండి. ఎండ తగిలితే పగుళ్లొస్తాయి, నీడలో ఉంచి రోజూ కాస్త నీళ్లు చిలకరించండి.

సున్నానికి తొందర ఉండదు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా పీల్చుకుంటూ రాయవుతుంది. మూడు వారాలాగి రెండింటి మీదా మేకుతో గీయండి. ఏది ఎక్కువ పొడి రాల్చిందో రాసిపెట్టుకోండి, నాలుగో పాఠంలో గోడ ఎక్కేముందు అది కావాలి.